ఇండోర్ ఫొటోల్లో రంగు ఎందుకు మారుతోంది?

ప్రశ్న: శని, ఆదివారాలు సరదాగా బ్యాడ్మింటన్ మ్యాచ్‌లకి ఫొటోలు తీస్తుంటా. ఒకే బర్స్ట్‌లో (బటన్ నొక్కి ఉంచితే వరసగా పడే ఫొటోల్లో) ఒక ఫొటో బ్రైట్‌గా వస్తే పక్కది పసుప్పచ్చగా, డల్‌గా వస్తోంది. కెమెరా పోయిందా? ఇంకోటి, లెన్సులకి తేమ పట్టకుండా దాచే డ్రై బాక్స్ ఇంట్లోనే చేసుకోవచ్చా?

జవాబు: కెమెరాకి ఏం కాలేదండి, అది లైట్ల పని. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట చాలా హాల్ లైట్లు సెకనుకి 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి, మన కంటికి తెలీదు గానీ 1/1000 షట్టర్ (సెకనులో వెయ్యో వంతు మాత్రమే తెరుచుకునేది) అందులో చిన్న ముక్కే పట్టుకుంటుంది కాబట్టి ఒక్కోసారి ఒక్కో రంగు వస్తుంది. షట్టర్ 1/100 పెడితే వెలుగు ఒకసారి తగ్గి పెరిగేదంతా పడుతుంది కాబట్టి తేడా పోతుంది కానీ రాకెట్, చెయ్యి బ్లర్ అయిపోతాయి, ఆటలో అది పనికిరాదు. మీ కెమెరాలో యాంటీ ఫ్లికర్ (లైట్ల మినుకుని కనిపెట్టే సెట్టింగ్) ఉంటే ఆన్ చేయండి, షట్టర్ కొంచెం లేటుగా పడినా వెలుగు బాగున్నప్పుడే పడుతుంది. లేకపోతే రా ఫైల్స్‌లో (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైల్స్) తీసి తర్వాత సరిచేసుకోండి. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) పెంచడానికి మాత్రం భయపడొద్దు, గ్రెయిన్ (చుక్కచుక్కల గరుకుదనం) ఉన్న షార్ప్ ఫొటోనే నాకు ఎప్పుడూ ఇష్టం.

డ్రై బాక్స్ హాయిగా చేసుకోవచ్చు. మూతకి రబ్బరు సీల్ ఉన్న ప్లాస్టిక్ డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ చాలు, తేమ 40-50 శాతం మధ్య ఉండేలా చూడండి. నీలం రంగు జెల్‌లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, ఆరోగ్యానికి మంచిది కాదు, ఆరెంజ్‌ది తీసుకోండి. చెమట తడి ఉన్న స్ట్రాప్ మాత్రం ఆరాకే లోపల పెట్టండి.