తడి ఒత్తి, ఎండిన ఒత్తి: ఈ-సిగరెట్ వేడిపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయికి ఈ-సిగరెట్ అలవాటైంది. "ఇందులో ఏదీ కాలదమ్మా, వేడి తక్కువ పెట్టుకుంటే విషాలే పుట్టవు" అంటాడు. ఎంతవరకు నిజం?

జవాబు: సగమే నిజమండీ. పొగాకులా ఇందులో నిప్పు అంటుకోదు. కానీ విషం పుట్టడానికి మంట అక్కర్లేదు, వేడి చాలు. ఈ-సిగరెట్‌లో కాగి ఆవిరయ్యే ద్రవంలో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. మొదటిది 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, రెండోది 290 దగ్గర. గ్లిజరిన్ వంతు ఎక్కువైన కొద్దీ కాయిల్, అంటే ద్రవాన్ని వేడి చేసే తీగచుట్ట, మరింత కాగాలి. సుమారు 200 డిగ్రీలు దాటాక ఈ అణువులు ఆవిరి కావడంతో సరిపెట్టవు, విరగడం జోరందుకుంటుంది. రెండింటి నుంచీ ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్ వస్తాయి. గ్లిజరిన్ నుంచి వీటికి తోడు అక్రోలిన్. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైంది. అక్రోలిన్ కళ్లనూ గొంతునూ ఊపిరితిత్తుల లోపలి పొరనూ మండిస్తుంది.

వేడి పెంచిన లెక్కలోనే ఇవి పెరుగుతాయనుకుంటే పొరపాటు. 2014లో వెలువడిన ఒక పరిశోధనలో వోల్టేజీని 3.2 నుంచి 4.8కి పెంచి చూశారు. అంటే ఒకటిన్నర రెట్లు. కాయిల్ మారకపోతే పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది రెండుంబావు రెట్లయింది. ఆవిరిలో ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, అసిటోన్ మాత్రం 4 రెట్ల నుంచి 200 రెట్లకు పైగా పెరిగాయి.

ఇంత తేడాకు ముఖ్య కారణం ఒత్తి, అంటే ద్రవాన్ని పీల్చి కాయిల్‌కు అందించే దూది. గిన్నెలో నీళ్లున్నంతసేపూ గిన్నె మాడదు కదా, ఇక్కడా అంతే. దూది తడిగా ఉంటే మరిగే ద్రవమే కాయిల్ వేడిని పట్టి ఉంచుతుంది. దూది పీల్చుకునే వేగం కంటే ఆవిరయ్యే వేగం ఎక్కువైతే ఆ పట్టు పోతుంది, తీగ కొన్ని వందల డిగ్రీలకు ఎగబాకుతుంది. పవర్ పెంచడం, దమ్ము పొడుగ్గా లాగడం, వెంటవెంటనే లాగడం, ద్రవం అడుగంటడం, చిక్కటి ద్రవం సన్నటి ఒత్తి గుండా సరిగా పారకపోవడం... ఏదైనా ఒత్తిని ఎండబెట్టేదే. మాడు వాసన వస్తే ఆపేస్తాం కదా అని వాదిస్తారు. ఆల్డిహైడ్‌లు (ఫార్మాల్డిహైడ్ లాంటివి) పెరగడం ఆ వాసన కంటే ముందే మొదలవుతుంది, పైగా ఘాటైన ఫ్లేవర్ ఆ వాసనను కప్పేస్తుంది.

వేడి తగ్గించడంలో ఇంకో చిక్కుంది. ఒక్కో దమ్ముకూ అందే నికోటిన్ తగ్గుతుంది. ఆ లోటు తీర్చుకోవడానికి మనిషి తెలియకుండానే ఎక్కువసేపు, ఎక్కువసార్లు లాగుతాడు. మీ అబ్బాయి ఆలోచించాల్సింది ముఖ్యంగా దీని గురించే.

ప్రశ్న: నా పరికరంలో టెంపరేచర్ కంట్రోల్ ఉంది. 200 దగ్గర పెడితే నిజంగా 200 దాటదా?

జవాబు: ఆ అంకెను నమ్మకండి. లోపల థర్మామీటర్ ఏమీ ఉండదు. తీగ కాగితే దాని నిరోధం (కరెంటును అడ్డుకునే గుణం) పెరుగుతుంది, ఆ పెరుగుదలను బట్టి పరికరం వేడిని అంచనా కడుతుంది. నికెల్, టైటానియం, స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలతో ఇది కుదురుతుంది. కాంథాల్ అనే మిశ్రలోహపు తీగ నిరోధం వేడికి దాదాపు మారదు కాబట్టి దానితో కుదరదు. స్టీల్ కాయిల్ పెట్టి సెట్టింగ్ నికెల్ మీద వదిలేస్తే ప్రమాదం: నికెల్ నిరోధం చాలా ఎక్కువగా పెరగాలి, అంత పెరుగుదల కనబడక పరికరం ఇంకా ఇంకా కాగబెడుతుంది. కాయిల్ వేడిగా ఉండగా మూల నిరోధం (చల్లగా ఉన్నప్పుడు కొలవాల్సిన నిరోధం) నమోదైనా, బిగింపు వదులుగా ఉన్నా అసలు వేడి తెర మీద అంకెను మించుతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా తెలిసేది కాయిల్ మొత్తం సగటే, ఎండిన ఒక్క చుట్టు వేడి అందులో కనిపించదు.

ప్రశ్న: తియ్యటి ద్రవాలకు కాయిల్ త్వరగా నల్లబడుతోంది. కడిగి వాడొచ్చా?

జవాబు: వద్దు. ఆ నలుపు ఎక్కువగా మాడిన తీపి పదార్థం. అది పేరుకున్న చోట ద్రవం తీగకు సరిగా అందదు, అక్కడే వేడి పోగవుతుంది. తీపి కోసం కలిపే సుక్రలోజ్ వేడికి విరిగి క్లోరిన్ ఉన్న హానికర పదార్థాలను కూడా ఇస్తుంది. కడిగితే పైపూత కొంత పోతుందేమో గానీ కమిలిన దూది బాగుపడదు.

ప్రశ్న: వేడితో సంబంధం లేనివి ఏవైనా ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి. నికోటిన్ వ్యసనం ఏ సెట్టింగ్‌లోనైనా ఒకటే. వెన్న వాసన కోసం కలిపే డయాసెటిల్ వేడికి పుట్టేది కాదు, సీసాలోంచే వస్తుంది. నికెల్, క్రోమియం, సీసం కాయిల్ నుంచీ అతుకుల నుంచీ ద్రవంలోకి దిగుతాయి, పరికరం ఆపి పక్కన పెట్టినప్పుడు కూడా.