పాఠకుల ప్రశ్నలు – జవాబులు: చెలకలో రాళ్ళ వలయం

ప్రశ్న: మా చెలకలో బండరాళ్ళు గుండ్రంగా పాతినట్టు ఉన్నాయి, మధ్యలో చిన్న రాళ్ళ దిబ్బ. ఊళ్ళో రాక్షస గుళ్ళు అంటారు. నిజంగా పాతకాలపు సమాధేనా? ఎవరో చేను బాగుచేస్తూ పోసిన కుప్ప కాదు కదా? (ఒక రైతు, సిద్దిపేట జిల్లా)

జవాబు: వలయం ఉందంటున్నారు కాబట్టి సమాధే అయ్యే అవకాశం ఎక్కువ. చేలోంచి ఏరిన రాళ్ళు గట్టు వారనో మూలకో పడి ఉంటాయి. చిన్నా పెద్దా కలగలిసి, కాలు పెడితే కదులుతాయి. సమాధి దిబ్బలో రాళ్ళ సందుల్లో మట్టి దిగి బిగిసిపోయి ఉంటుంది. చుట్టూ ఉన్న గుండ్లు ఇంచుమించు ఒకే పరిమాణంలో, సగం దాకా భూమిలో కూరుకుని కనిపిస్తాయి. వలయం అడ్డకొలత చాలాచోట్ల 6 నుంచి 12 మీటర్లు. ఇవి ఒంటరిగా ఉండటం తక్కువ, చుట్టుపక్కల చెలకల్లో కూడా వెతకండి. సేద్యానికి పనికిరాని రాతినేల అయితే మరీ జాగ్రత్తగా చూడండి.

పాటిదిబ్బతో మాత్రం పొరబడొద్దు. బూడిదరంగు మన్ను, పెంకులు, పశువుల ఎముకలు కలిసిన ఆ దిబ్బ మనుషులు బతికిన చోటు. ఎరువుగా పాటిమన్ను తోలుకునేది అక్కడినుంచే. దానికి రాతి వలయం ఉండదు.

ఇంకో గుర్తు చూడండి. దిబ్బ నడుమ గుంత ఉండి, పక్కన తవ్విపోసిన మట్టి కుప్ప కూడా ఉంటే ఎవరో తవ్వారన్నమాట. మట్టి కుప్ప లేకుండా గుంత మాత్రమే ఉంటే లోపలి సమాధి గదిమీది మూతబండ విరిగి కుంగి ఉండవచ్చు. అలాంటి దానిమీద నిలబడకండి.

ప్రశ్న: అడుగున గది ఉంటుందని, అందులో నిధి ఉంటుందని అంటారు. ఎంతవరకు నిజం?

జవాబు: గది నిజం (అన్నిటికీ ఉండదు, కొన్నిట్లో వట్టి గొయ్యే). నిధి మాట వదిలేయండి. నాలుగు బండపలకలు నిలబెట్టి గది కడతారు. ఒక్కో పలక కొస పక్కపలకను దాటి బయటికి వస్తుంది, పైనుంచి చూస్తే స్వస్తిక్ లాగా కనబడుతుంది. బయటి మట్టి లోపలికి నెట్టినప్పుడు ఒక్కో పలక పక్కదానికి ఆనుకుని ఆగుతుంది, సున్నం అవసరమే లేదు. తరచు తూర్పు పలకలో గుండ్రటి కంత ఉంటుంది. నిధి వేటగాళ్ళు పగలగొట్టేది ముందు దాన్నే. ఒక పలక పోయిందంటే దానికి ఆనుకున్న పలకకు ఆసరా పోతుంది, వానలకు నానిన మట్టి దాన్ని లోపలికి తోస్తుంది.

మూతబండ బరువు మామూలుగా ఊహించలేం. 2 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం ఉన్న గ్రానైటు పలకే టన్నున్నర దాటుతుంది. మీ జిల్లాలోని నర్మెట్టలో 2017లో తవ్వినప్పుడు బయటపడిన మూతబండను లేపడానికి క్రేన్లు తేవాల్సి వచ్చింది, అది 40 టన్నులకు పైమాటే.

లోపల ఉండేవి నలుపు-ఎరుపు కుండలు, తుప్పు పట్టిన కొడవలి, బల్లెం మొన, పూసలు, ఎముకలు. ఎముకలు కూడా చాలాసార్లు ఏరి తెచ్చి పెట్టినవే, మనిషిని నిండుగా పడుకోబెట్టినవి కావు. బంగారం బహు అరుదు. కుండ అంచు, లోపలి వైపు నల్లగా, వెలుపల ఎర్రగా ఉంటాయి. గాలి తగలని భాగం నల్లగా, తగిలిన భాగం ఎర్రగా కాలుతుంది, అందుకే బోర్లించి కాల్చారని అంటారు. వీటి కాలం స్థూలంగా సామాన్యశకానికి పూర్వం 1200 నుంచి సామాన్యశకం తొలి శతాబ్దాల దాకా. రాక్షసులు కట్టినవి కావు. ఇనుము వాడిన మామూలు మనుషులవే.

ప్రశ్న: తవ్వకుండా మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: చాలా ఉంది. వలయంలోని రాళ్ళు లెక్కపెట్టండి. ఉత్తర-దక్షిణం, తూర్పు-పడమర రెండు అడ్డకొలతలూ టేపుతో తీయండి. పక్కన కొలబద్ద పెట్టి నాలుగు వైపులా ఫోటోలు తీసి, ఫోనులో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో తీస్తే రాతిమీద చెక్కిన గుంటలు, గీతలు ఉంటే తేలిగ్గా కనబడతాయి. స్పష్టంగా కనబడాలని సున్నం, చాక్‌పీస్ పూయకండి.

తుమ్మ, వేప మొలకలను పీకొద్దు, వేరుతో పాటు రాయీ కదులుతుంది. నేలమట్టానికి కోయండి. కుండలు ఒక్కోసారి వలయం అవతల కూడా ఉంటాయి కాబట్టి దున్నేటప్పుడు కనీసం 3 మీటర్లు వదలండి. జేసీబీతో రాళ్ళు పక్కకు జరిపి మళ్ళీ పెడదామనే ఆలోచనే వద్దు. ఏ వస్తువు దేని పక్కన, ఎంత లోతున ఉందన్నదే అసలు సమాచారం, ఒకసారి కదిలాక తిరిగి రాదు. దుక్కిలో కుండ పైకి వస్తే కడగకండి, ఎండలో పెట్టకండి. శతాబ్దాల తడి ఒక్కసారిగా ఆరితే పగుళ్ళు వస్తాయి. ఇనుము మీద తుప్పు గీకితే దాని ఆకారమే పోతుంది.

ప్రశ్న: చెబితే భూమి లాక్కుంటారేమో?

జవాబు: చెప్పినంత మాత్రాన భూమి పోదు. ప్రాచీన కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టం కింద కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించాలంటే ముందు నోటీసు ఇచ్చి, అభ్యంతరాలకు రెండు నెలల గడువు ఇవ్వాలి. చుట్టూ 100 మీటర్ల నిర్మాణ నిషేధం, ఆపైన 200 మీటర్ల నియంత్రణ అలా ప్రకటించాకే. చెప్పకపోవడంలోనే ఇబ్బంది ఉంది. 1878 నాటి నిధి చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి, దాస్తే ఏడాది దాకా జైలు. తహసీల్దారు కార్యాలయంలో అర్జీ ఇచ్చి, నకలు వారసత్వ శాఖకు (ఆంధ్రలో అయితే పురావస్తు శాఖకు) పంపండి. సర్వే నంబరు, కొలతలు, ఫోటోలు జతచేయండి. చేతికందిన రసీదు పోగొట్టుకోకండి.