ఇటలీ వాళ్ళు ఇంకా మధ్యాహ్నం రెండు గంటలు కూర్చుని తింటున్నారా?

సినిమాల్లో చూపించినట్టు ఇటలీలో నిజంగానే మధ్యాహ్నం అంతసేపు తింటారా, లేక మారిపోయారా అని అడిగారు. రెండేళ్ళు టురిన్‌లో చదివాను, నాలుగేళ్ళుగా మిలాన్‌లో ఉద్యోగం. నేను చూసినంతలో మధ్యాహ్నం తినేది తగ్గింది, తినే టైము మాత్రం కదల్లేదు.

మా ఆఫీసులో ఒంటిగంటకి మైక్రోవేవ్ దగ్గర క్యూ కడతారు. అందరి చేతుల్లో ఇంటి డబ్బాలే. మిలాన్ యాసలో దాన్ని ‘స్కిషెట్టా’ అంటారు, మన క్యారియర్ లాంటిది. ముందు పాస్తా, తర్వాత మాంసమో చేపో, పక్కన కూరగాయలు అనే పాత వరస అందులో ఎక్కడ పడుతుంది? రాత్రి మిగిలిన పాస్తానో, సలాడో. అరగంటలో అయిపోతుంది. డబ్బా తేనివాళ్ళు కంపెనీ ఇచ్చే భోజనం కూపన్లు పట్టుకుని కింద బార్‌లో శాండ్‌విచ్ తింటారు. (బార్ అంటే కంగారు పడకండి, ఇక్కడ అది కాఫీ కొట్టు.)

అలాగని ఎప్పుడు పడితే అప్పుడు తిండి దొరకదు. వచ్చిన కొత్తలో మూడున్నరకి ఆకలేసి హోటల్‌కి వెళ్తే కుర్చీలు బల్లలెక్కి ఉన్నాయి. రెండున్నరకే వంట కట్టేశారట, మళ్ళీ రాత్రి ఏడున్నరకే. ఆ రోజు బిస్కెట్లతో సరిపెట్టుకున్నాను. ఇంకోసారి పన్నెండింటికే పెరుగన్నం డబ్బా తెరిస్తే, ఒంట్లో బాగాలేదా అని ఒక కొలీగ్ నిజంగానే అడిగింది.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో అసలు భోజనం రాత్రి ఎనిమిదికి మారింది. కుర్రాళ్ళు అదీ ఎగ్గొట్టి, సాయంత్రం డ్రింకుతో వచ్చే చిరుతిళ్ళతోనే కడుపు నింపేస్తారు. దానికి ‘అపెరిచేనా’ అని పేరు కూడా ఉంది. పెద్ద ఊళ్ళలో చాలా షాపులు మధ్యాహ్నం మూయడం మానేశాయి. ఆ సంగతి తలుపు మీద ‘ఒరారియో కొంతినువాతో’ అని రాసి మరీ చెప్తాయి. చిన్న ఊళ్ళలో, ముఖ్యంగా దక్షిణాన, ఇంకా మూస్తారు.

మారనిది ఆదివారం. టురిన్‌లో మా ఇంటి ఓనరమ్మది దక్షిణాన ఉన్న కలాబ్రియా. వాళ్ళింట్లో ఆదివారం ఒంటిగంటకి కూర్చుంటే లేచేసరికి నాలుగు. మొదటిసారి పిలిచినప్పుడు పాస్తాయే భోజనమనుకుని మారు అడిగి తిన్నాను. ఆ తర్వాత చికెన్, వేయించిన వంకాయలు, పళ్ళు, కాఫీ! వాళ్ళబ్బాయి వారమంతా మిలాన్‌లో శాండ్‌విచ్‌ల మీద బతుకుతాడు, ఆదివారం మాత్రం పొద్దున్నే రైలెక్కి వచ్చేస్తాడు. సాయంత్రం వెళ్తూ మిగిలిన లసాన్యా (పొరలు పొరలుగా పేర్చి చేసే పాస్తా) డబ్బాకెత్తుకుని పోతాడు, సోమవారం స్కిషెట్టాకి.