లూజు టాప్ అంటే పెద్ద సైజు టాప్ కాదు

ప్రశ్న: అక్కా నమస్తే. పోచంపల్లి పోయినప్పుడు పట్టు ఇకత్ గుడ్డ మూడు మీటర్లు తెచ్చుకున్నాను. పన్నా 44 అంగుళాలు, ఒకవైపు మాత్రమే అంచు ఉంది. ముప్పావు చేతులతో, తుంటి కిందికి వచ్చే లూజు టాప్ కుట్టుకోవాలని ఆశ. మా వీధిలో కుట్టే ఆమె దగ్గర 42 సైజు పేపర్ కటింగ్ (గుడ్డ కత్తిరించే కాగితం నమూనా) తీసుకుని ముందు పాత కాటన్ చీర మీద ట్రయల్ కుట్టి చూశాను. ఛాతీ దగ్గర సరిపోయింది గానీ భుజాలు జారి చేతుల మీదికి వస్తున్నాయి, వంగితే మెడలోంచి లోపలంతా కనబడుతోంది, ముందు అంచు పైకి లేస్తోంది, వెనక కిందికి వేలాడుతోంది. "లూజు టాప్ కదా, అట్లనే ఉంటది" అంటోంది ఆమె. నా ఛాతీ 42, ఛాతీకి పైన చంకల్లోంచి టేపు చుట్టితే 38, భుజం 14. ఖరీదైన గుడ్డ, కత్తెర పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. (దేవరకొండ నుంచి ఓ పాఠకురాలు)

జవాబు: ముందు పాత చీర మీద కుట్టి చూశారు కదా, సగం పని అక్కడే అయిపోయింది. అట్లనే ఉంటది అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. లూజు అనేది ఛాతీ కింద నుంచి ఉండాలి, మెడా భుజమూ మాత్రం జాకెట్టుకి కూర్చున్నంత సరిగ్గా కూర్చోవాలి. అక్కడ బిగువు లేకపోతే కింద ఎన్ని కుచ్చులు పెట్టినా అది టాప్‌లా ఉండదు, కొక్కేనికి తగిలించిన నైటీలా ఉంటుంది.

మీకు వచ్చిన ఇబ్బంది సైజు ఎంచుకునే దగ్గరే మొదలైంది. పేపర్ కటింగ్ గీసేవాళ్లు మామూలుగా పై ఛాతీకీ అసలు ఛాతీకీ మధ్య తేడా రెండు అంగుళాలు ఉంటుందని అనుకుని గీస్తారు, మీకు నాలుగు ఉంది. 42 చూసి 42 కటింగ్ తీసుకుంటే అది 40 పై ఛాతీ ఉన్న మనిషికి గీసిన భుజం, ఆ మనిషి మెడ, ఆ మనిషి వీపు. మీ ఎముకలకి అది పెద్దది, అందుకే జారుతోంది. ముందు భాగం పైకి లేవడానికి కారణం వేరే: ఛాతీ మీదుగా గుడ్డ ఎక్కి దిగాలంటే వెడల్పు ఒక్కటే చాలదు, నిలువు కూడా కావాలి, ఆ నిలువు కటింగ్‌లో లేదు కాబట్టి కింద ఉన్న గుడ్డని పైకి లాగేసుకుంటోంది.

కాబట్టి 38కి రెండు కలిపి 40 సైజు పేపర్ తీసుకోండి. భుజం 14, మహా అయితే 14న్నర వస్తుంది, అది చాలు. ఇక ఛాతీకి తక్కువ పడే రెండు అంగుళాలు ముందు భాగంలోనే కలపాలి, వెనక భాగాన్ని ముట్టుకోవద్దు, ఎందుకంటే వీపు పెరగలేదు కదా. మడత మీద కట్ చేస్తాం కాబట్టి సగం ముక్కకి ఒక్క అంగుళం.

ఆ అంగుళం ఎక్కడ కలపాలన్నదే అసలు కిటుకు. చాలామంది సైడు కుట్టు దగ్గర కలిపేస్తారు, అప్పుడు చంక రౌండ్ పెరుగుతుంది, చేతులు కుదరవు, మళ్లీ చేతులు పెద్దవి చేస్తారు, అట్లా ఒకదాని వెనక ఒకటి అన్నీ చెడతాయి. మామూలు టాప్ అయితే పేపర్‌ని కింది నుంచి ఛాతీ మొన దాకా, అక్కడి నుంచి చంక దాకా, సైడు నుంచి కూడా మొన దాకా కోసి, చంక దగ్గర కొస తెగకుండా ఉంచి ఒక అంగుళం తెరవమని చెప్పేదాన్ని. అప్పుడు పక్కన ఒక డాట్, అంటే మొనదేలేలా మడిచి కుట్టే కుట్టు వస్తుంది. మీ గుడ్డకి ఆ డాట్ నాకు ఇష్టం లేదు. ఇకత్‌లో దారానికి ముందే చిటికి కట్టి, అంటే డిజైన్ ప్రకారం అక్కడక్కడా గట్టిగా కట్లు కట్టి, రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు, డిజైన్ అంతా ఆ లెక్క మీదే నిలబడుతుంది. మధ్యలో డాట్ వేస్తే గళ్లు అక్కడ విరిగినట్టు కనబడతాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. అంచు టాప్ కింద రావాలని మీకు ఉంటుంది, ఎవరికైనా ఉంటుంది. అంచు తిన్నగా ఉంటుంది, ఫ్లేర్ ఇస్తే కింది గీత వంపు తిరుగుతుంది, అంచుని వంచలేం. అంటే పైన సన్నగా ఉండి కిందికి వెడల్పయ్యే ఏ-లైన్ ఆకారం మీకు పనికిరాదు. ఛాతీకి కావలసిన వెడల్పూ లూజూ అంతా పైన యోక్ (భుజాల దగ్గర విడిగా వచ్చే పై ముక్క) కింద కుచ్చుల్లోకి పోవాలి, కింద గుడ్డ తిన్నగా దిగాలి. మీలాంటి కొలతలకి ఇదే అందం కూడా, నన్నడిగితే.

40 సైజు పేపర్ మీద మెడ పక్కన భుజం నుంచి ముందు ఆరు అంగుళాలు, వెనక నాలుగు అంగుళాలు కిందికి అడ్డగీత గీసి కోయండి. పైది యోక్, కిందిది బాడీ. కోసిన చోట రెండు ముక్కలకీ అర అంగుళం చొప్పున కుట్టు మార్జిన్ కలపాలి, ఇది మరిచిపోతే టాప్ మొత్తం ఒక అంగుళం పొట్టిదైపోతుంది, చాలామందికి అయ్యేదే. యోక్‌లని ఉన్నదున్నట్టు కట్ చేయండి. ముందు బాడీ పేపర్‌ని మాత్రం గుడ్డ మడతకి ఆనించకుండా రెండున్నర అంగుళాలు ఇవతలికి జరిపి పెట్టండి: ఒక అంగుళం ఛాతీకి, ఒకటిన్నర కుచ్చులకి. వెనక బాడీకి లూజు కోసం ఒక అంగుళం జరిపితే చాలు, మధ్యలో ఒక ప్లీట్ (మడత) వస్తుంది. కలిపిందంతా మడత వైపే ఉంది కాబట్టి చంక రౌండ్ మారలేదు, 40 సైజు చేతులే కుదురుతాయి. దండ (మోచేతికి పై భాగం) చుట్టుకొలత మాత్రం టేపుతో చూసుకోండి, చేతిలో దానికన్నా రెండున్నర మూడు అంగుళాలు ఎక్కువ ఉండాలి, పట్టు సాగదు.

ఇక నిలువు. ముందు బాడీ పై అంచుని మధ్యలో ముప్పావు అంగుళం పైకి పెంచి, చంక వైపు వచ్చేసరికి సున్నాకి కలిసేలా వంపుగా గీయండి. కింద అంచు తిన్నగా ఉండాలి కాబట్టి ఈ నిలువుని ఇవ్వడానికి పైన తప్ప ఇంకో చోటు లేదు. ఈ ముప్పావు అంగుళంతోనే ముందు అంచు పైకి లేవడం ఆగుతుంది. కుచ్చులు పెట్టేటప్పుడు చంక పక్కన రెండు అంగుళాలు సాఫుగా వదిలి, మిగతాదంతా ఛాతీకి సరిగ్గా పైన వచ్చేలా సర్దండి. చంక పక్కన కుచ్చు పడితే ఇంకా లావుగా కనిపిస్తారు.

ఇంకో మాట, లూజు టాప్ కదా అని చంకని లోతుగా దింపుతారు, దింపొద్దు. బస్సులో పైన రాడ్ పట్టుకుని నిలబడండి, చంక ఎంత కిందికి ఉంటే టాప్ మొత్తం అంత పైకి లేస్తుంది. అర అంగుళం దింపితే ఎక్కువ.

గుడ్డ లెక్క చూద్దాం. ముందు ముక్క 31, వెనక 28, చేతులు 17 చొప్పున రెండు, మొత్తం 93 అంగుళాలు, అంటే 2.4 మీటర్ల లోపే. అంచు చేతుల కొసకి కూడా వస్తుంది. యోక్‌లు బాడీ ముక్కల పైన మిగిలే పట్టీలోనే దొరుకుతాయి. అంచు కొస గుడ్డ కొసే కాబట్టి కింద మడిచి కుట్టే పని కూడా లేదు. గళ్లు ఎదురెదురుగా కలవాలంటే సైడు కుట్టులో చంక కింద నుంచి చూసుకోండి, చేతి దగ్గర కలపాలని తంటాలు పడొద్దు, అది కలవదు. గీత అక్కడక్కడా వెంట్రుకవాసి అటూ ఇటూ ఉంటే అది చేనేత అని అర్థం. అసలైన ఇకత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, వెనక వైపు వెలిసినట్టు ఉంటే అది ప్రింటు. పోచంపల్లి ఇకత్‌కి 2005లోనే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినా ప్రింటు గుడ్డని ఆ పేరుతో అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉన్నారు, తిప్పి చూసి కొనాలి.

ఈ మార్పులతో మళ్లీ ఒకసారి ట్రయల్ కుట్టండి, ఈసారి కాటన్ చీర కాకుండా మెత్తగా జారే పాత సింథటిక్ చీర తీసుకోండి. కాటన్‌లో కుచ్చులు నిక్కబొడుచుకుని నిలబడతాయి, దాన్ని చూసి భయపడి కుచ్చులు తగ్గించేస్తారు.

ప్రశ్న: మా అత్తమ్మ గద్వాల చీర పాతది, బాడీ కాటన్, అంచూ కొంగూ పట్టు. దాన్ని టాప్ చేసుకోవచ్చా? (పాలమూరు నుంచి)

జవాబు: అత్తమ్మని అడిగారా? అడిగాక ఈ జవాబు చదవండి. చీరని వెలుతురుకి ఎత్తి పట్టి మడతల దగ్గర చూడండి, పట్టు ముందుగా మడతల్లోనే చిట్లుతుంది. కొంగుని రెండు చేతులతో కొంచెం లాగితే పరపరమని దారాలు విడిపోయే పరిస్థితి ఉంటే వదిలేసి, మడిచి బీరువాలో పెట్టండి. గట్టిగానే ఉంటే బాడీ కాటన్‌తో టాప్, అంచు చేతులకీ కిందికీ, కొంగు యోక్‌కి వాడొచ్చు. గద్వాలలో కాటన్ బాడీకి పట్టు అంచుని మగ్గం మీదే కలుపుతారు, ఆ కలిపిన చోటుని విడదీయకండి, అంచుతో పాటే కట్ చేయండి. కాటన్, పట్టు ఒకేలా కుంచించుకోవు కాబట్టి ఇంట్లో ఉతికే ఉద్దేశం ఉంటే కత్తిరించక ముందే ఒకసారి చల్లనీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి. రంగు దిగుతుందేమో ముందు తడి తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూసుకోవాలి, దిగితే డ్రై వాష్ తప్ప దారి లేదు.

ప్రశ్న: పట్టు కుడుతుంటే మిషన్ కింద జారిపోతోంది, కుట్టు ముడుచుకుంటోంది, పైగా సూది పడిన చోటల్లా చిన్న చిన్న రంధ్రాలు. మిషన్ మార్చాలా? (వనపర్తి నుంచి)

జవాబు: మిషన్ కాదు, సూది మార్చండి. ఇంట్లో జాకెట్లకీ ప్యాంట్లకీ వాడే 16 నంబర్ సూదే దాంట్లో ఉండి ఉంటుంది, పట్టుకి 11 వేయాలి, మరీ పల్చటి గుడ్డకి 9. కొత్త సూది, మొద్దుబారింది కాదు. దారం కూడా సన్నది తీసుకుని పైన దారం బిగువు (టెన్షన్) కొంచెం వదులు చేయండి, కత్తిరించగా మిగిలిన ముక్క మీద రెండు వరసలు కుట్టి చూశాకే అసలు గుడ్డ పెట్టండి. జారకుండా ఉండాలంటే గుడ్డ కింద న్యూస్ పేపర్ పట్టీ పెట్టి కుట్టేసి తర్వాత చింపేయండి, లేత రంగు గుడ్డకైతే అచ్చు సిరా అంటుతుంది, తెల్లకాగితం వాడండి. గుండుసూదులు కుట్టు మార్జిన్ లోపలే గుచ్చాలి, పట్టు మీద పడిన రంధ్రం పూడదు. అదే కారణంతో ఒకసారి కుట్టింది విప్పకుండా ఉండేలా ముందు చేత్తో కచ్చా కుట్టు వేసుకోండి, అది కూడా మార్జిన్‌లోనే.

వీపు దగ్గరా చంక దగ్గరా వేసుకోగా వేసుకోగా కుట్టు పక్కన దారాలు ఎడం అవుతాయి, దానికి మందు మల్లు గుడ్డ (పల్చటి కాటన్) లైనింగ్, కుట్టు మార్జిన్ ముప్పావు అంగుళం. లైనింగ్‌ని రాత్రంతా నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేశాకే కట్ చేయాలి, లేకపోతే మొదటి ఉతుక్కే అది కుంచించుకుపోయి పైన పట్టు ఉబ్బుతుంది. ఇస్త్రీ లోపలి వైపు నుంచి, పైన పల్చటి కాటన్ గుడ్డ వేసి. నీళ్లు మాత్రం చిలకరించకండి, చుక్క పడిన చోట మచ్చ అలాగే ఉండిపోతుంది.