తెలుగువాళ్లు నెట్‌లో రాయడం మొదలైంది వెబ్ 2.0 వల్ల కాదు

వెబ్ 2.0, అంటే చదివేవాళ్లే రాసేలా తయారైన బ్లాగుల్లాంటి సైట్లు, వచ్చాకే మామూలు జనం ఇంటర్నెట్‌లో రాయడం మొదలుపెట్టారా అని ఒకరు అడిగారు. కాదండీ. టిమ్ బెర్నర్స్ లీ 1990లో చేసిన మొట్టమొదటి బ్రౌజర్‌లోనే చదవడంతో పాటు రాసే వీలూ ఉంది. 1990లలోనే అమెరికావాళ్లు ఎవరైనా ఉచితంగా పేజీలు పెట్టుకోగల జియోసిటీస్ సైటులో సొంత పేజీలు కట్టుకున్నారు. 2006లో టైమ్ పత్రిక నెట్‌లో రాసే జనాన్ని ఉద్దేశించి "ఈ ఏటి మేటి వ్యక్తి మీరే" అని ముఖచిత్రం వేసి సంబరపడింది. ఆ సంబరంలో మనకు వాటా ఎక్కడిది? మన అక్షరాలే తెరమీద తిన్నగా నిలబడేవి కావు.

ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ కంప్యూటర్లలో ఒకే సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా మన దినపత్రికలు ఏళ్ల తరబడి ఎవరి ఫాంటు వారిదే అన్నట్టు నడిచాయి. ఒక పత్రిక ఫాంటు దించుకుంటే ఇంకో పత్రిక గజిబిజిగా కనిపించేది. వాటిలో ఒక్క మాట వెతికినా దొరికితే ఒట్టు. ఆ రాతను యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున గారు పద్మ అనే సాఫ్ట్‌వేరు తయారు చేయాల్సి వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చింది: ఒక పెట్టెలో ఇంగ్లిషు అక్షరాలు కొడుతుంటే మరో పెట్టెలో తెలుగు పడుతుంది. నన్నడిగితే తెలుగువాళ్ల ఇంటర్నెట్ పుట్టింది ఆ పెట్టెలోనే.

అప్పట్లో మా ఊరికి వికీపీడియాలో ఉన్నది ఒకే వాక్యం, ఫలానా మండలంలోని గ్రామం అని. వేల ఊళ్లకు బాట్లతో, అంటే వాటంతటవే పనిచేసే ప్రోగ్రాములతో, అలా గుండుగుత్తగా పేజీలు తెరిచారు. మా పేజీలో ఎవరో పుణ్యాత్ముడు చెరువు గురించి నాలుగు ముక్కలు చేర్చాడు. నాన్నకు చూపిద్దామని ఇంటర్నెట్ సెంటరులో ప్రింటు తీస్తే, వత్తులన్నీ అక్షరం కింద కాక పక్కన పడ్డాయి. విండోస్ ఎక్స్‌పీలో భాషల సెట్టింగులలో టిక్కు పెడితే సరిపోతుంది, కానీ అది వెంటనే సీడీ అడుగుతుంది. సెంటరు యజమాని దగ్గర సీడీ ఉంటే కదా!

నాన్న కళ్లజోడు సవరించుకుని, ఆ విరిగిన అక్షరాలనే కూడబలుక్కుని చదివారు. "చెరువుకు తూములు రెండని ఎవడు రాశాడురా? మూడు. చింతతోపు వైపుది పూడిపోయింది. పూడిపోతే లేనట్టేనా?" అని మొదలుపెట్టి, ఆ మూడో తూము కింద ఎవరెవరి పొలాలు పారేవో వరసగా చెప్పుకుంటూ పోయారు. అదంతా రాసుకెళ్లి, లేఖినిలో టైపు చేసి పేజీలో చేర్చాను.

కొన్నాళ్లకు చర్చా పేజీలో ఎవరో మర్యాదగానే అడిగారు, ఆధారం చూపగలరా అని. నాన్నకు చెబితే ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "ఆ తూముకు నీళ్లు వదిలింది మీ తాత. ఇంకేం ఆధారం కావాలి వాళ్లకు?"

తాతను ఆధారంగా చూపే వీలు లేదు కాబట్టి మూడో తూము పేజీలోంచి ఎగిరిపోయింది. ఆధారం అడగడం తప్పని అనను. సినిమా తారల పేజీలకు అది అవసరమే. కానీ మా తూము గురించి అచ్చులో ఎవరు వేస్తారు? విలేఖరి మా ఊరికి రావాలంటే ఎన్నికలైనా జరగాలి, హత్యైనా జరగాలి. జనం రాసుకోవచ్చన్నారు, జనానికి తెలిసింది మాత్రం చెల్లదన్నారు.

ఇప్పుడు ఫోనులోనే తెలుగు కీబోర్డు ఉంది, నోటితో చెప్పినా టైపవుతుంది. రాసేవాళ్లకు కొదవ లేదు గానీ, రాసిందంతా పోయి వాట్సాప్ గ్రూపుల్లో పడుతోంది. అక్కడ పడ్డది బయటివాళ్లు వెతికితే దొరకదు, రాసినవాళ్ల పేరు రెండో ఫార్వర్డుకే ఊడిపోతుంది. కంపెనీల గోదాముల్లో దాచుకున్నది ఎంతకాలం ఉంటుందో, 2009లో యాహూ జియోసిటీస్‌ను మూసేసినప్పుడు పేజీలు పోగొట్టుకున్న అమెరికావాళ్లను అడగండి.

మొన్న సంక్రాంతికి మా చెరువును కాకతీయులు తవ్వించారంటూ డ్రోను వీడియోతో సహా ఒక సందేశం తిరిగింది. ఊరంతా దండాల బొమ్మలు పెట్టారు. ఆధారమేమిటని అడిగాను. గ్రూపు నడిపేది మా పెదనాన్న కొడుకే. "పండగ పూట నీకెందుకురా ఇవన్నీ?" అని కసిరాడు.