పెళుసు ఎముకల అమ్మాయికి చెవులు సరిగా వినపడటం లేదు, ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. పుట్టుకతోనే పెళుసు ఎముకల జబ్బు, డాక్టర్లు ఓఐ అంటారు. ఇప్పటికి ఆరుసార్లు ఎముకలు విరిగాయి. ఏడాదిగా టీవీ సౌండ్ బాగా పెంచుతోంది, వెనక నుంచి పిలిస్తే పలకడం లేదు. గుబిలి లేదు, కర్ణభేరి బాగానే ఉందన్నారు. వినికిడికీ ఎముకలకీ సంబంధం ఉందా? ఒక డాక్టరుగారు ఆపరేషన్ చేయిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, ఉప్పల్

జవాబు: సంబంధం ఉందమ్మా. కర్ణభేరి మీద పడిన శబ్దాన్ని లోపలికి చేరవేసేవి మూడు బుల్లి ఎముకలు. వాటిలో చివరిది స్టేపిస్, గుర్రపు రికాబు ఆకారంలో మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో. కాళ్లూ చేతుల ఎముకల్లో ఏ కొల్లాజెన్ (ఎముకకు బలమిచ్చే ప్రొటీన్) లోపమైతే ఉందో దీనిలోనూ అదే. అందుకే దాని సన్నని కాళ్లు అరిగి విరగవచ్చు, లేదా అడుగుపలక బిగుసుకుపోయి కదలకపోవచ్చు. కర్ణభేరి బాగున్నా వినపడకపోవడానికి కారణం ఇదే కావచ్చు. ఓఐ ఉన్న పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి వినికిడి తగ్గుతుంది. ఎముకలు తక్కువసార్లు విరిగినవాళ్లకూ వస్తుంది.

ఆపరేషన్ మాట తర్వాత. ముందు ప్యూర్ టోన్ ఆడియోగ్రామ్ (ఎంత చిన్న శబ్దం వినపడుతుందో చూసే పరీక్ష), టింపనోమెట్రీ (కర్ణభేరి కదలికను చూసే పరీక్ష) చేయించండి. కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లవచ్చు. ఆడియోగ్రామ్‌లో ఇయర్‌ఫోన్లతో ఒకసారి, చెవి వెనక ఎముక మీద వైబ్రేటర్ పెట్టి ఒకసారి, రెండు రకాలుగానూ చూడాలి. ఉదాహరణకు మొదటిది 45 డెసిబెల్స్, రెండోది 15 వస్తే, అడ్డు మధ్య చెవిలోనే ఉంది, నరం బాగుంది. అంకె పెరిగేకొద్దీ వినికిడి తక్కువని గుర్తుంచుకోండి. రెండు అంకెలూ పెరిగితే లోపలి చెవి కూడా దెబ్బతింటోందని అర్థం. ఆ భాగాన్ని స్టేపిస్ ఆపరేషన్ బాగుచేయలేదు. పరీక్షకు ముందే ఓఐ ఉందని చెప్పండి, మెడ గట్టిగా తిప్పనివ్వకండి.

ఇక ఆపరేషన్‌లో స్టేపిస్ స్థానంలో చిన్న పిస్టన్ పెట్టి, పక్క ఎముకకు కొక్కెంలా బిగిస్తారు. ఓఐలో ఆ పక్క ఎముకా పెళుసే, బిగించేటప్పుడు విరగవచ్చు. లోపలి పొర నుంచి రక్తం ఎక్కువగా కారి, ఆపరేషన్ చేసే డాక్టరు చూపుకు అడ్డు రావచ్చు. ఇప్పుడున్న కాస్త వినికిడి కూడా అరుదుగా పోతుంది. కాబట్టి తొందరపడవద్దు. ఓఐ చెవులకు ఎన్ని ఆపరేషన్లు చేశారని డాక్టరుగారిని నేరుగా అడగండి, అలా అడగడం తప్పేమీ కాదు. చేయించినా ముందు ఒక్క చెవికే, అదీ తక్కువ వినపడే చెవికి.

మా సలహా, మొదట చెవి వెనక పెట్టుకునే డిజిటల్ వినికిడి మిషన్ వాడి చూడటం. చెవి అచ్చు మెత్తని సిలికాన్‌తో చేయించండి. కొన్ని వారాలు వాడాక మళ్లీ వెళ్లి సౌండ్ సరిచేయించుకోవాలి. ఈ రెండో విడత మానేసినవాళ్లే ఎక్కువగా మిషన్‌ను బీరువాలో పెట్టేస్తుంటారు.

ఎముకల బలానికి జోలెడ్రోనిక్ ఇంజెక్షన్లు ఇస్తుంటే వాటిని ఎముకల కోసమే కొనసాగించండి, వాటితో వినికిడి తిరిగొస్తుందని ఆశపెట్టుకోకండి. ఏడాదికోసారి ఆడియోగ్రామ్ తప్పనిసరి. తల తిరుగుతోందని అమ్మాయి అంటే మాత్రం ఆ వారమే చూపించండి, ఆమె ఒక్కసారి కింద పడినా మరో ఎముక విరగవచ్చు.