ఆయన లేని మొదటి ఉగాది

ప్రశ్న: నా వయసు 61. నిరుడు చైత్ర బహుళంలో మావారు గుండెపోటుతో పోయారు. ఏటా ఉగాది ముందు పెరట్లో వేపచెట్టు కింద పాత చీర పరిచి ఆయనే పూత రాల్చేవారు. ఇప్పుడా చెట్టు మళ్లీ విరగబూసింది, అటు చూడలేకపోతున్నాను. చెట్టుకు ఏటా వసంతం వస్తుంది, మనిషి పోతే పోవడమే. రేపో మాపో నేనూ పోయేదాన్నే, ఈ వంటా వార్పూ ఎవరికోసం? తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. అబ్బాయి ఇల్లు అమ్మేసి హైదరాబాదు వచ్చేయమంటున్నాడు. ఏం చెయ్యను? - ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీరడిగింది చాలా పెద్ద ప్రశ్న. కానీ దాని జవాబు తెల్లవారుజామున మూడింటికి పక్కమీద వెతక్కండి. నిద్ర చాలని మనసుకు ఆ వేళ ఏదీ బాగున్నట్టు తోచదు. మెలకువ వచ్చాక కాసేపటికీ నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చోండి, ఫోను ముట్టుకోకండి. రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే వేళకు లేవండి. పగటి కునుకు అరగంట దాటనివ్వకండి. సాయంత్రం కాఫీ మానేయండి.

తిథి దగ్గరపడేకొద్దీ దుఃఖం తిరగబెట్టడం చాలామందికి జరిగేదే. ఏడాదిగా కోలుకున్నదంతా పోయిందని అనుకోకండి. చాలామందికి ఆ రోజుకన్నా దాని ముందు వారాలే బరువుగా ఉంటాయి. మీకు ఉగాది, సంవత్సరీకం వెంటవెంటనే వస్తున్నాయి కాబట్టి ఆ రెండు రోజులూ ఎక్కడుంటారో, పక్కన ఎవరుంటారో ఇప్పుడే పిల్లలతో మాట్లాడి ఖాయం చేసుకోండి. ఏమీ అనుకోకుండా ఆ రోజు ఒంటరిగా ఎదురైతే చాలా కష్టం.

ఏడాది లోపల పండగ చేసుకోని ఆచారం మీదైతే పచ్చడి కలపకండి. పూత ఏరడం మాత్రం పండగ కాదు కదా! మంచు ఆరాక, ఎండ ముదరకముందే ఆయన పరిచినట్టే చీర పరిచి, చేతికందే కొమ్మలు దులపండి. చెట్టెక్కించే పని వద్దు. ఈనెలూ ఆకులూ ఏరేసి, చేటలో చెరిగి, నీడన పలచగా ఆరబెట్టండి. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలేదాకా ఆరాలి, తడి మిగిలితే సీసాలో బూజు పడుతుంది. సగం పక్కిళ్లకు పంచండి, మిగతాది చారులోకి నేతిలో వేయించుకోవచ్చు. ఏడుపొస్తే చీర మీదే కూర్చుని ఏడవండి. ఎవరికోసం అని అడిగారు చూడండి, ఆ మాటకు జవాబు ఆలోచిస్తూ కూర్చుంటే దొరకదు. చేతిలో పని ఉండి, ఆ పని ఇంకొకరికి అందినప్పుడు కొంచెం కొంచెంగా దొరుకుతుంది. మరో మాట, చెట్టుకు మాత్రం నిరుటి పూత తిరిగొచ్చిందా? ఇది వేరే పూత.

అయితే ఒకటి తేల్చుకోవాలి. దుఃఖం అలల్లా వస్తుంది, మధ్యలో మనవల మాటకు నవ్వూ వస్తుంది. అలాకాక రెండు వారాలకు పైగా రోజంతా దిగులుగా ఉండటం, ఏదీ రుచించకపోవడం, బరువు తగ్గడం, ‘నేనెందుకూ పనికిరాను’ అనిపించడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. మీ తెల్లవారుజాము మెలకువ కూడా దాని లక్షణాల్లో ఒకటే. మానసిక వైద్యుణ్ణి కలవండి. థైరాయిడ్, బి12, రక్తహీనత పరీక్షలూ చేయించుకోండి. ఇవి తేడాగా ఉన్నా నీరసం, దిగులు వస్తాయి. చనిపోవాలనే ఆలోచన, ఎలా అన్న ఊహ వస్తుంటే ఆగకుండా అదే రోజు కొడుక్కి చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం ‘టెలీ మానస్’ 14416కి రాత్రయినా పగలయినా ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇల్లు ఇప్పుడప్పుడే అమ్మకండి. సంవత్సరీకం అయ్యాక నెల రోజులు హైదరాబాదులో ఉండి రండి, తిరిగొచ్చాక మరో రెండు నెలలు ఆగి మాట్లాడుకోండి. దుఃఖంలో అమ్మిన ఇల్లు మళ్లీ కొనలేరు.

ఇక ‘రేపో మాపో’ అన్నారు. ఆ భయాన్ని కాగితం మీద పెట్టండి. ఆయన పేర ఉన్న బ్యాంకు ఖాతాలు, ఇంటి పన్ను, కరెంటు మీటరు మీ పేరుకు మారాయా? మీ ఖాతాలకు నామినీ ఉన్నారా? వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు పేపరు అక్కర్లేదు. మీ సంతకాన్ని చూసిన ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, ఆస్తి అందుకునేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడం మేలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే తర్వాత తగువులు తగ్గుతాయి. జబ్బు చేస్తే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో పిల్లలందరికీ ఒకేసారి చెప్పండి. సంవత్సరీకానికి ఎలాగూ అందరూ కలుస్తారు, మర్నాడు ఉదయం కాఫీ వేళ ఆ మాట ఎత్తండి.